ఫోను చేస్తే బండి పోయినట్టే

క్వార్ట్‌సైట్, ఆరిజోనా
నవంబరు, 1995

ప్రియమైన వెండెల్,

ఎడారి చేరాను. చర్చిలో కాఫీల దగ్గర కూర్చుని "అయోవా కూడా దాటదు, ఏడుస్తూ తిరిగొస్తుంది చూడండి" అని నువ్వు అందరితో అన్నావట, మన అమ్మాయి చెప్పింది. అయోవా దాటాను. కాన్సాస్ దాటాను. న్యూమెక్సికోలో ఎదురుగాలికి బండి ఊగిపోతుంటే రెండు చేతులా స్టీరింగు బిగబట్టి, నిన్ను తిట్టుకుంటూ అదీ దాటాను. తిట్టుకుంటుంటే దారి తొందరగా తరుగుతుంది. నీ విషయంలో తిట్లకు కరువేముంది!

మన ఒప్పందం మళ్ళీ రాస్తున్నాను, తర్వాత మాట మార్చకుండా. మంచు కరిగేదాకా ఈ పాత మోటర్‌హోంలో, ఈ చక్రాల ఇంట్లో, నేనొక్కదాన్నే నెగ్గుకొస్తే బండి నాది, ఇక ఏటా చలికాలం నా ఇష్టం. ఈలోపు ఒక్కసారి నీకు ఫోను చేశానా, బండి పోయినట్టే. పక్కింటి ఆ క్లిఫర్డ్‌కి అమ్మేస్తావు. నేను మినెసోటా తిరిగొచ్చి, బతికినన్నాళ్ళూ ఆ మంచులో నీ మొహం చూస్తూ కూర్చోవాలి. ఉత్తరాలకు మాత్రం ఒప్పుకున్నావు. ఎందుకు ఒప్పుకోవు? ఫోనైతే నేను మధ్యలో పెట్టేస్తాను. ఉత్తరంలో ఎంత ఉపన్యాసమైనా దంచొచ్చు.

సరే, దంచు. కాకపోతే కాస్త పనికొచ్చేది దంచు. బండిలో హీటర్ వెలగడం లేదు. మీట తిప్పితే ఫ్యాను మూలుగుతూ తిరుగుతుంది, చల్లగాలి కొడుతుంది, అంతే. మంట రాదు. పగలు ఎండ బాగానే ఉంటుంది. పొద్దు కుంకిందంటే చలి ఎముకల్లోకి దిగుతుంది. ఉన్న స్వెట్టర్లన్నీ వేసుకుని, వాటి మీద నువ్వు చేపలు పట్టడానికి వేసుకునే కోటు వేసుకుని పడుకుంటున్నాను. అది ఎన్నేళ్ళుగా ఉతకలేదో ఆ దేవుడికే తెలియాలి.

ఏం చూడాలో చెప్పు. నీతులొద్దు.

ఇంకా నీ భార్యనే అయిన
ఆర్డిస్


ప్రియమైన ఆర్డిస్,

ఉత్తరం అందింది. క్షేమంగా చేరినందుకు సంతోషం అని రాయమంది అమ్మాయి. రాశాను.

ముందు ఒక ప్రశ్న. గ్యాసు సిలిండర్ మర తిప్పావా? కోపం తెచ్చుకోకు. ఎండాకాలమంతా కారు కదలడం లేదని గోల పెట్టి, చివరికి హ్యాండ్ బ్రేకు వేసి ఉందని తేలిన మనిషివి నువ్వు. తిప్పే ఉంటే, వెళ్ళి వంటపొయ్యి వెలిగించు. మంట నీలంగా, నిలకడగా వస్తే గ్యాసుకేం రోగం లేదని అర్థం. పొయ్యికీ, హీటర్‌కీ, ఫ్రిజ్‌కీ అంతా ఒకే సిలిండర్, ఒకే గొట్టం. పసుపుపచ్చగా తైతక్కలాడితే అప్పుడు చెప్పు.

ఎక్కడన్నా వాసన వస్తే సబ్బు నీళ్ళు కలిపి అతుకుల మీద రాయి. బుడగ లేచిన చోట కారుతోందని గుర్తు. అగ్గిపుల్ల గీసి వెతకకు. ఇలాంటివి నీకు విడమరిచి చెప్పాల్సి రావడం నా ఖర్మ.

ఇక్కడ మంచు కిటికీ అంచుదాకా వచ్చింది. వంటింట్లో కట్టెల పొయ్యి నాకు చాలు. నువ్వు వెళ్ళాక నేలమాళిగ పూర్తిగా నాదే అయింది. బల్ల పట్టేందుకు అక్కడి గ్యాసు హీటర్‌ని మూలకి జరిపాను. నువ్వొదిలేసి పోయిన క్యాబేజీ ఊరగాయ జాడీ కుళ్ళి ఒకటే కంపు. కిందికి దిగబుద్ధి కావడం లేదు. ఇల్లాలు ఇల్లు వదిలి ఎడారి పడితే ఇంతే మరి.

క్లిఫర్డ్ నిన్న కూడా వచ్చాడు. పాపం, బండి కోసం షెడ్డు తలుపు ఎత్తు పెంచుతున్నాడు. "ఆర్డిస్ ఫోను చేసిందా?" అని రోజూ అడుగుతాడు. "ఇంకా లేదు, చేస్తుందిలే" అంటాను.

నీ రాక కోసం తొందరేమీ లేని
వెండెల్


ప్రియమైన వెండెల్,

సిలిండర్ తిప్పాను మహానుభావా. పొయ్యి చక్కగా నీలంగా మండుతోంది. హీటర్ మాత్రం అలాగే చచ్చి పడుంది.

నాకు హీటర్ వెలగడం లేదని, చలికి పారిపోయి బండ్లేసుకొచ్చిన నాలాంటి ముసలివాళ్ళ క్యాంపంతా తెలిసిపోయింది. ఇక్కడ ఎవరి బండి మూత తెరుచుకున్నా చాలు, చుట్టుపక్కల మగవాళ్ళంతా మడత కుర్చీలు పట్టుకుని తరలివస్తారు. వీళ్ళకి ఇదే సినిమా. లైల్ అని ఒకడున్నాడు. ఒరెగాన్‌లో జన్మంతా పరుపులమ్మాడు, ఇక్కడ పెద్ద ఇంజినీరు.

"గ్యాసే రావట్లేదు, రాసిస్తా" అన్నాడు.

"పొయ్యి మండుతోంది కదయ్యా!"

"పొయ్యికొచ్చే గ్యాసు వేరు, హీటర్‌కొచ్చే గ్యాసు వేరు" అన్నాడు, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా. మిగిలినవాళ్ళు తలలూపారు! ఒకే సిలిండర్లోంచి రెండు రకాల గ్యాసు వస్తుందని ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు చూడు.

తర్వాత సుత్తి తెచ్చి "ఒక్కటిస్తే దారికొస్తుంది" అని ఒక్కటిచ్చాడు. మూత సొట్టపోయింది. పక్క బండి నోరీన్ తలుపులోంచి చూస్తూ నిలబడింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, నోటికి బ్రేకులుండవు. "వీళ్ళ మొహాలు చూస్తే నేనే వెలగను, హీటరేం వెలుగుతుంది?" అంది. అందరూ కుర్చీలు మడిచి పోయారు.

ఇంకో పీడ కూడా ఉంది. మంచం పక్కన, నేలకి దగ్గరగా గ్యాసు అలారం ఉంది కదా, అది తెల్లారేసరికి కీచుకీచుమని అరుస్తోంది. కిటికీ తీస్తే కాసేపటికి ఊరుకుంటుంది. లైల్‌ని అడిగితే నవ్వాడు. "బ్యాటరీ కాస్త నీరసించినా అరుస్తుందమ్మా అది. ఇక్కడ అందరం దాని వైరు పీకేశాం. పీకి పారేసి హాయిగా పడుకో" అన్నాడు. నిజమే, ఏ బండిలో చూసినా ఆ వైరు వేలాడుతోంది. నేనూ పీకేశాను. రెండు రాత్రులుగా గాఢంగా నిద్ర పట్టింది. పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోందిగానీ, అది చలికి అనుకుంటాను.

క్లిఫర్డ్‌కి చెప్పు, షెడ్డులో కోళ్ళు పెంచుకోమని.

నీ
ఆర్డిస్


ఆర్డిస్,

చదవడం ఇక్కడ ఆపు. వెళ్ళి ఆ వైరు తగిలించి రా.

తగిలించావా? ఇప్పుడు చదువు. బుద్ధుందా నీకు? పరుపులమ్మేవాడు పీకమంటే పీకేయడమేనా? నేను చెప్పినప్పుడు ఒక్క మాట విన్న పాపాన పోలేదు, ఊరూ పేరూ తెలియనివాడు చెప్తే వేదం! ఆ క్యాంపులో వాళ్ళంతా పీకేశారంటే, ఆ క్యాంపంతా ఇంకా బతికి ఉండటం వాళ్ళ అదృష్టం, తెలివి కాదు.

అలారం రెండు కారణాలకి అరుస్తుంది. గ్యాసు కారితే అరుస్తుంది, బ్యాటరీ నీరసిస్తే అరుస్తుంది. ఏదో తేల్చుకోకుండా నోరు నొక్కేస్తారా ఎవరైనా? నాకు తెలిసి నీది బ్యాటరీ జబ్బే. హీటర్ కూడా అందుకే వెలగడం లేదు. ఫ్యాను మూలుగుతోందని నువ్వే రాశావు. ఆ ఫ్యాను గాలి జోరుగా కొడితేనే లోపల ఒక రేకు లేస్తుంది. రేకు లేస్తేనే గ్యాసు వదులుతుంది. బ్యాటరీలో సత్తువ లేకపోతే ఫ్యాను నీలాగే మూలుగుతుంది తప్ప పని చెయ్యదు. అందరూ గ్యాసు గ్యాసని కొట్టుకుంటారు, తప్పు కరెంటుది. మెట్టు కింద పెట్టె తెరిచి బ్యాటరీలో నీళ్ళు పొయ్యి. కొసల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే గోకు. బండి ఇనుపచట్రానికి బిగించిన నల్ల తీగ వదులైందేమో చూడు. బ్యాటరీ నిండాక కూడా అలారం అరిస్తే మాత్రం గ్యాసే. ముందు బయటికి నడు, తర్వాత సిలిండర్ కట్టేయి.

గొట్టాలు మాత్రం కారవు, అది నా పూచీ. ఫ్రిజ్ వెనక గొట్టం మార్చింది నేనే. ఆ వారమే నేలమాళిగలో హీటర్ బిగించిందీ నేనే. ఏడేళ్ళయింది, చెక్కు చెదరలేదు. చేతిపని అంటే అలా ఉండాలి.

ఆ జాడీ కంపు ఇంకా పోలేదు. జాడీ తీసి మంచులో పారేసినా పోలేదు. గోడలకి పట్టేసినట్టుంది. శనివారం పొద్దున కిందికి దిగి, హీటర్ వెలిగించుకుని, అంతా కడిగి పారేస్తాను. నీ ఇల్లు నేను కడుగుతున్నాను, గుర్తుంచుకో.

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. వైరు తగిలించానని వెంటనే రాయి.

వెండెల్


ప్రియమైన వెండెల్,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం ఇవాళ తెచ్చుకున్నాను. నిజానికి, అది చేరకముందే వైరు తగిలించేశాను. నా తలదిమ్ము సంగతి వినగానే నోరీన్ వచ్చి నాకు వాయించింది, నువ్వు కూడా అంత బాగా తిట్టలేవు. బ్యాటరీ సంగతీ తనే పట్టుకుంది. ఇప్పుడు నీ ఉత్తరం పక్కన పెట్టుకుని జవాబు రాస్తున్నాను. ఒకసారి కూర్చో, నీకు చెప్పాల్సింది చాలా ఉంది.

హీటర్ వెలిగింది. చట్రానికి బిగించాల్సిన నల్ల తీగ అసలు బిగించే లేదు. మధ్యలో తెగితే రెండు కొసలూ మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి ఉంది. లోపల తుప్పు తప్ప తీగ లేదు. ఎవరి చేతిపని అది? నేను కొత్త తీగ వేసి, నట్టు బిగించాను. నోరీన్ తన బండిలోంచి తీగలు వేసి బ్యాటరీ నింపింది. మీట తిప్పగానే ఫ్యాను గుయ్యిమంది, భగ్గున మంట వచ్చింది. నేనూ నోరీన్ పిల్లల్లా చప్పట్లు కొట్టాం.

బ్యాటరీ నిండినా అలారం మళ్ళీ అరిచింది. అంటే రెండు జబ్బులూ ఉన్నాయన్నమాట. తలుపులూ కిటికీలూ బార్లా తీసి, బండి చల్లారాక, నువ్వు చెప్పినట్టే సబ్బు నీళ్ళు పట్టుకుని బయల్దేరాను. పొయ్యి దగ్గర ఏం లేదు. హీటర్ దగ్గర ఏం లేదు. ఫ్రిజ్ వెనక, "చెక్కు చెదరని" అతుకు దగ్గర, బుడగలు పొంగుకొచ్చాయి.

సిలిండర్ కట్టేసి అతుకు విప్పాను. విప్పితే లోపల ఏముంది? తెల్ల టేపు! చుట్లు చుట్లు, గొట్టం అంచు మీదుగా కూడా చుట్టేశావు. నోరీన్ చూసి నెత్తి కొట్టుకుంది. ఆ రాగిగొట్టం అంచు వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. రాగి వెళ్ళి ఇత్తడికి ఆనుకుంటేనే గ్యాసు ఆగుతుంది. మధ్యలో టేపు చొప్పిస్తే అది కూర్చోదు, బండి కుదుపులకి మెల్లగా వదులవుతుంది. నీళ్ళ పంపుకి చుట్టే టేపు తెచ్చి గ్యాసుకి చుట్టిన మేధావివి నువ్వు. కరెంటు దగ్గర నల్ల టేపు, గ్యాసు దగ్గర తెల్ల టేపు. నీ విద్యంతా ఈ రెండు రంగులేనా? "స్క్రూడ్రైవర్ ముట్టుకోకు, పాడు చేస్తావు" అని నన్ను ఇన్నేళ్ళు నీ పనిముట్ల పెట్టె దగ్గరికి రానిచ్చావు కాదు. పాడు చెయ్యడానికి నువ్వేం మిగిల్చావు గనక!

టేపంతా గోకేసి, శుభ్రంగా తుడిచి, రెండు స్పానర్లు పట్టి బిగించాను. మళ్ళీ సబ్బు రాశాను. ఒక్క బుడగ లేదు. అలారం నోరు మూసుకుంది. ఏడేళ్ళు చెక్కు చెదరలేదట, గొప్పలు చూడు! అదే వారం నేలమాళిగలో హీటర్ కూడా

వెండెల్.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. హీటర్‌ని మూలకి జరిపానన్నావు. అది కూడా ఇదే టేపుతో చుట్టావు కదా. జాడీ పారేసినా కంపు పోలేదన్నావు. ఆ జాడీలో ఏముంటుంది కంపు కొట్టడానికి? వెళ్ళేముందు నేనే కడిగి బోర్లించాను.

తెల్లారితే శనివారం. ఉత్తరం అందదు. నోరీన్‌ని లేపుతున్నాను, రోడ్డు మీద కొట్టు దగ్గర ఫోనుంది


ప్రియమైన ఆర్డిస్,

నీ సగం ఉత్తరం నోరీన్ పోస్టు చేసినట్టుంది, ఇవాళ అందింది. తిట్లన్నీ పూర్తి చేశావు, సంతకం మాత్రం మరిచావు.

శనివారం తెల్లవారుజామున ఫోను మోగేటప్పటికి నేను నేలమాళిగలోకి దిగడానికి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. నువ్వేనని తెలిసింది. ఇంకెవరు చేస్తారు నాకు? ఓడిపోయావు అని చెప్పడానికి గొంతు సవరించుకుని ఎత్తాను. నన్ను హలో కూడా అననివ్వలేదు నువ్వు.

"అగ్గిపెట్టె ఎక్కడుంది?"

"జేబులో ఉంది. నువ్వు ఫోను చేశావు ఆర్డిస్, అంటే..."

"దీపం వెయ్యకు. కిందికి దిగకు. ఫోను అలాగే వదిలేసి బయటికి నడు."

"బయట మోకాళ్ళ లోతు మంచుంది, నీకేం..."

"వెండెల్! నువ్వు చస్తే నేనింకెవర్ని తిట్టుకోను? నడు!"

నడిచాను. నువ్వు ఏడుస్తున్నావని అర్థమైంది. నువ్వు ఏడవడం మా అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు నేను.

క్లిఫర్డ్ ఇంట్లోంచి గ్యాసువాళ్ళకి ఫోను చేశాం. వచ్చినవాడు చేతిలో ఏదో యంత్రం పట్టుకుని నేలమాళిగ తలుపు కొంచెం తీశాడు, వెంటనే మూసేసి బయటికి వచ్చేశాడు. మొహం పాలిపోయింది. "ఒక్క అగ్గిపుల్ల గీసుంటే మిమ్మల్ని వీధంతా ఏరుకోవాల్సి వచ్చేది పెద్దాయనా. నిన్న మొన్నటిది కాదిది, ఎన్నాళ్ళుగానో నిండుతోంది. మీకు వాసన రాలేదా?" అన్నాడు. వచ్చింది, నా భార్య క్యాబేజీ అనుకున్నాను అని చెప్పాను. వాడు నన్నదోలా చూశాడు. ఇల్లంతా గాలాడాక అతుకు విప్పి "ఈ టేపు ఎవడు చుట్టాడండీ?" అన్నాడు. ఈ ఇంటి పాత యజమాని అని చెప్పాను.

ఇప్పుడు క్లిఫర్డ్ ఇంట్లోనే ఉంటున్నాను. గొట్టాలన్నీ మార్చేదాకా మన ఇంట్లో ఉండనివ్వరట. ఆ మర్నాడు క్లిఫర్డ్ నాకు ఉడికీ ఉడకని గుడ్లు పెట్టి, ఎదురుగా కూర్చుని, పళ్ళికిలించాడు. "ఆర్డిస్ ఫోను చేసిందిగా! ఒప్పందం ఒప్పందమే. బండి ఎప్పుడు తెస్తుంది?"

"అమ్మను" అన్నాను.

"అదేంటి, మాటంటే మాటేగా?"

"నేను బతికున్నాను కనక మాట మార్చుకునే హక్కు నాకుంది. ఆ బండి దానిది" అన్నాను. వాడు నా ముందున్న గుడ్ల పళ్ళెం తీసేశాడు.

అందుకని బస్సు టిక్కెట్టు కొన్నాను. వచ్చే బుధవారం దిగుతాను. కిటికీ వైపు మంచం నాది. నా బండిని సుత్తితో కొట్టిన ఆ లైల్‌గాడితో నాకో మాటుంది. ఫ్రిజ్ వెనక నువ్వు బిగించిన అతుకు కూడా నేనొచ్చి ఒకసారి సరిచూస్తాను. ఎంతైనా అనుభవం అనుభవమే.

నీ
వెండెల్


ప్రియమైన వెండెల్,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. బుధవారం నువ్వు బస్సు దిగగానే చేతికిస్తాను. అక్కడే నిలబడి చదువు. ఒప్పుకుంటే బండెక్కు, లేకపోతే అదే బస్సులో తిరిగి వెళ్ళిపో.

పాత యజమానా? ఆ ఇల్లు కట్టింది మీ నాన్న. చచ్చి సమాధిలో ఉన్న ముసలాయన నెత్తిన ఆ టేపు చుట్టేశావా? సిగ్గనేది నీ దరిదాపులకి కూడా రాదు. సరే, గ్యాసువాడి దగ్గర అబద్ధమాడుకో. నా దగ్గర కుదరదు. నేను ఆ టేపు గోకిన గోళ్ళు ఇంకా నొప్పెడుతున్నాయి.

ఇంకొకటి ఒక్కసారే రాస్తాను, మళ్ళీ అడగొద్దు. ఆవేళ కొట్టు దగ్గర్నుంచి చేస్తే ఫోను మోగుతూనే ఉంది, నువ్వెంతకీ ఎత్తలేదు. బండి పోతుందన్న ఊహ కూడా నాకు రాలేదు. నువ్వు మెట్లు దిగుతున్నట్టే కనిపించింది. నీ విసుగు గొంతు వినపడ్డప్పుడు, ఈ నలభై ఏళ్ళలో నువ్వన్న ఏ మాటకీ నాకంత సంతోషం కలగలేదు.

అయిపోయింది. ఇప్పుడు షరతులు. కిటికీ వైపు మంచం నాది. అలారం వైరు జోలికి వెళ్ళావంటే చెయ్యి విరుస్తాను. ఇక్కడ నోరీన్ అన్ని బండ్లకీ తిరిగి, అందరి చేతా ఆ వైర్లు మళ్ళీ పెట్టించింది. లైల్ బండిలో తగిలించగానే అది అరిచింది. వాడిప్పుడు మా ఇద్దర్నీ 'మేడమ్' అంటున్నాడు. నువ్వు వాడితో పోట్లాడక్కర్లేదు, మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది. ఫ్రిజ్ వెనక అతుకు దగ్గరికి మాత్రం నువ్వు వెళ్ళకూడదు. ఏ అతుకు దగ్గరికీ వెళ్ళకూడదు. టేపు ఏ రంగుదైనా సరే, నీ పెట్టెలో కనిపిస్తే ఎడారిలో పాతిపెడతాను.

ఇరవై ఏళ్ళు నువ్వు బండి కింద దూరి నీ ఘనకార్యాలు చేస్తుంటే, నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నాను. "కాస్త ఎడమకి. అటు కాదు. కళ్ళలో కొట్టకు, ఎన్నిసార్లు చెప్పాలి?" అని నువ్వు కింద నుంచి అరుస్తుంటే నోరు మూసుకుని పట్టుకున్నాను. మొన్నటి నుంచి నీళ్ళ పంపు మొరాయిస్తోంది. గురువారం నేను కిందికి దూరి చూస్తాను.

టార్చి నువ్వు పట్టుకో. కళ్ళలో కొట్టకు.

నీ
ఆర్డిస్